యమునాబాయి గంజి పెట్టిన గుడారాలు

మాల్వణ్ దగ్గర సముద్రపు ఒడ్డున, సరుగుడు తోపులో, మా సోలాపూర్ తరుణ మండలి వేసుకున్న నాలుగు గుడారాల్లో ఒకదాన్ని పొద్దుపొడుపు వేళ ఒక ఆవు తిన్నది.

తిన్నది అంటే మొత్తం కాదు. తలుపు తెర, దాన్ని ఆనుకుని ఉన్న గోడలో ఒక మూరెడు. నల్లటి ఆవు, వయసు మీద పడినది, తొందర లేనిది. లోపల పడుకున్న వీరేష్ మా మండలికి అధ్యక్షుడు. పవర్‌లూమ్ నడుపుతాడు, గణపతి ఊరేగింపులో డోలు వాయిస్తాడు. కళ్లు తెరిచేసరికి అతని పాదాల దగ్గర పెద్ద తడి మూతి ఒకటి కనిపించింది. "ఎవరు?" అని అడిగాడు. జవాబు రాలేదు. ఉన్నది కొంకణ్‌లో కదా అని గుర్తొచ్చి అదే ప్రశ్న మరాఠీలో అడిగాడు. ఆవు ఇంకొంచెం గోడను నోట్లోకి తీసుకుని లాగింది. గుడారం వీరేష్ మీదా, పక్కనున్న కుర్రాళ్ల మీదా నెమ్మదిగా, మర్యాదగా కూర్చుంది.

మేం పరుగెత్తుకొచ్చేసరికి ఆ ఆవు గుడ్డను చెరకు పిప్పిలా నమిలి కింద వదిలేసి రెండో గుడారం వైపు నడుస్తోంది. దాని తప్పేమీ లేదు. ఆ గుడారాలకు యమునాబాయి మైదా గంజి పెట్టింది. గంజి పెళుసుబారకుండా అందులో పల్లీ నూనె కూడా కలిపింది.

గుడారానికి గంజి ఎందుకు పెట్టారని కొంకణ్‌లో అందరూ అడిగారు. సోలాపూర్‌లో ఒక్కరూ అడగలేదు. అక్కడి తెలుగు నేతవాళ్ల దాజీ పేట్‌లో మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు గంజి మీద ఉన్న భక్తి అలాంటిది. పడుగుకు గంజి పెడితే పోగు తెగదు. ధోతీకి పెడితే పెళ్లికొడుకు పిల్లనిచ్చిన మామలా కనిపిస్తాడు. గుడ్డతో ఏ చిక్కు వచ్చినా మా పెద్దలు ముందు పొయ్యి మీద గంజి ఎక్కిస్తారు, తర్వాత చిక్కేమిటో కనుక్కుంటారు. గాలికి నిలబడి మంచును ఆపవలసిన గుడారానికి చిక్కటి గంజి పెట్టకపోతే ఇంకేం పెడతారు?

యమునాబాయి అంచులు కుడుతుంది. టవల్ అనేది మగ్గం మీద నుంచి ఒకే పొడవాటి గుడ్డ తానుగా దిగుతుంది. దాన్ని కోసి, కోసిన అంచును మడిచి కుట్టేవాళ్లు లేకపోతే అది టవల్ కాదు, పోగులు ఊడే గుడ్డ. పాండురంగ్ శేట్ మగ్గాల షెడ్డు నుంచి టవల్ కట్టలు ఆమె ఇంటికి వస్తాయి, అంచు కుట్టించుకుని వెళ్లిపోతాయి. జోడ్‌భావి పేట్‌లో పుట్టి, నాన్న మగ్గం పక్కన కండెలు చుట్టి, పెళ్లయి దాజీ పేట్‌కు వచ్చిన దగ్గర్నుంచీ ఆమె పని ఇదే. ఇప్పుడు యాభై దగ్గర పడింది.

ఆమె మాట గురించి కూడా చెప్పాలి. మా పేటలో మగ్గాల చప్పుడు పొద్దస్తమానం ఆగదు. ఆ చప్పుడులో పొడుగు వాక్యం మొదలుపెడితే సగం మగ్గాలకే పోతుంది. అందుకని మావాళ్లు గట్టిగా మాట్లాడతారు, యమునాబాయి గట్టిగానూ పొట్టిగానూ మాట్లాడుతుంది. ఆమె భర్తకు మగ్గాల దగ్గరే చెవులు మందగించాయి కాబట్టి ఇంట్లో కూడా గొంతు తగ్గించే అవకాశం రాలేదు. ఆమె గుసగుసలాడితే అశోక్ చౌక్‌లో సిగ్నల్ దగ్గర నిలబడినవాడు తిరిగి చూస్తాడు.

ఒకసారి హైదరాబాద్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లింది. చేతులు కడుక్కున్నాక ఇంటావిడ టవల్ ఇస్తే, యమునాబాయి తుడుచుకోకుండా దాన్ని తిరగేసి అంచు చూడటం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉందో లేదో చూస్తోందనుకుని ఇంటావిడ మొహం ముడుచుకుంది. "కుట్టు నాదే!" అని యమునాబాయి అరిచింది. ఎవరూ నమ్మలేదు. టవల్ మీద లేబుల్ ఉంది, లేబుల్ మీద నెమలి ఉంది, నెమలి కింద పాండురంగ్ శేట్ కంపెనీ పేరు ఉంది. ఆమె పేరు లేదు. ఉండాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి ఆమెకు తోచింది.

మండలి కుర్రాళ్లు డిసెంబర్ సెలవుల్లో సముద్రం దగ్గర మకాం వేద్దామనీ, సింధుదుర్గ్ కోట చూద్దామనీ, గుడారాలు ఎక్కడ దొరుకుతాయనీ గల్లీలో మాట్లాడుకుంటుంటే యమునాబాయి విన్నది. మర్నాడే శేట్ షెడ్డుకు వెళ్లింది. షెడ్డు ఎదురుగా నా జిరాక్స్ దుకాణం; వాళ్ల మాటలు వినడానికి నేను చెవి పెట్టవలసిన పని కూడా లేదు.

"శేట్, సెకండ్ మాల్ ఇయ్యి. గుడారాలు కుడ్త."

సెకండ్ మాల్ అంటే నేతలో తప్పు పడి, టవల్‌గా అమ్ముడుపోని తాన్లు.

"టవల్ గుడ్డతోటి గుడారమా? గండ్ల ఎవలు పంటరు యమునాబాయీ?"

"మండలి పోరగాండ్లు పంటరు."

"పంటరు, లేస్తరు. దాంతోటి నీకేం ఫాయిదా?"

"నిలవడినయనుకో, ఇగ నా పేరు మీద కుడ్త. సోలాపూర్ల మండళ్లకు తక్కువనా? మాల్ నీ దగ్గర్నే కొంట."

పాండురంగ్ శేట్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ మాటకైనా ఒక షరతు తగిలించకపోతే ఆయనకు అన్నం అరగదు. "బర్, ఆయ్‌క్", అంటే సరే విను, అని మరాఠీలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చాడు. "జనవరిల నాకు ఆటోమేటిక్ మిషన్ వస్తున్నది. అంచులన్ని అదే కుడ్తది. గుడారాలు నిలవడితె నీ పేరు మీద నువ్వు కుట్టుకో, మాల్ ఉద్దెరిస్త. నిలవడకపోతె మాత్రం షెడ్డుకొచ్చి మిషన్ ముందట నిలవడి కట్టలందియ్యాలె. గుడారం ముచ్చట మల్ల నా ముందట ఎత్తొద్దు. మంజూరా?"

"మంజూర్."

ఆ ఒక్క ముక్కతో ఆమె బతుకు సముద్రం ఒడ్డుకు చేరింది. మాకు అది విహారం. ఆమెకు పరీక్ష.

ఆమె ఎందుకు వస్తోందని ఎవరూ అడగకుండా ఒక కారణం కూడా దొరికింది. మా గల్లీలో కాలేజీ చదివే ప్రాజక్త, ఆమె స్నేహితురాళ్లు ఇద్దరు మాతో వస్తామన్నారు. ఒక పెద్ద ఆడమనిషి వెంట ఉంటేనే పంపుతామని వాళ్ల తల్లులు అన్నారు. మండలి తరఫున పెద్ద మగమనిషిని నేను. మండలి పేరులో ఇంకా తరుణులే ఉన్నారు. ఆ పేరు పెట్టినప్పుడు నేనూ తరుణుణ్ణే. టెంపోలో అందరూ సంచులు పట్టుకుని కూర్చుంటే యమునాబాయి తన చేతి కుట్టు మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కుర్రాళ్లు వాంతులు చేసుకుంటుంటే ఆమె మిషన్‌కు దెబ్బ తగలకుండా చూసుకుంది.

సుందరాబాయి అనే ఆవిడ సరుగుడు తోపులో మాకు చోటిచ్చింది. గుడారాలు లేపాం. ఆహా, ఏం నిలబడ్డాయి! అప్పడాల్లా బిర్రుగా నిలబడ్డాయి. వేలితో తడితే టక్ టక్ అన్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకున్నారు. సాయంత్రం యమునాబాయి ఇసుకలో కూర్చుని మొదటిసారి సముద్రం విన్నది. చూడటం తర్వాత, మా పేటవాళ్లు ఏదైనా ముందు వింటారు.

"ఎట్లున్నదత్తా?" అని ప్రాజక్త అడిగింది.

"మగ్గం నడుస్తనే ఉన్నది. పోగు మాత్రం తెగుతలే" అంది యమునాబాయి. ఆ సాయంత్రం ఆమె అంత సంతోషంగా ఉంది.

ఆ తర్వాత మంచు కురిసింది, తెల్లవారింది, ఆవు వచ్చింది.

మిగిలిన మూడు గుడారాలు ఆవు నోట పడలేదు గానీ, పడినంత పనైంది. టవల్ గుడ్డ స్వభావం తాగడం. మంచునంతా తాగింది. గంజి కరిగి జిగురైంది. గోడలు ఉపవాసం ఉన్న మనిషిలా వంగిపోయాయి. లోపలివాళ్ల జుట్టు తలగడలకు అంటుకుంది. నా మీసం ఒకవైపు పైకీ ఒకవైపు కిందికీ గట్టిపడిపోయి మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. దాని గురించి ఇంకేమీ రాయను.

మేం సుందరాబాయికి ఫిర్యాదు చేద్దామనుకుంటుండగా ఆవిడే కొడవలి చేత్తో పట్టుకుని వచ్చింది. మా ఆవుకు ఏం తినిపించారు, దాని కడుపుకేమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు అని మరాఠీలో దంచేసింది. మేమందరం యమునాబాయి వెనక్కి చేరాం.

"వట్టి మైదా, పల్లీ నూనె. మందేం కలుపలె" అని యమునాబాయి మరాఠీలో చెప్పింది. సుందరాబాయి ఆవును చూసింది. ఆవు మూడో గుడారాన్ని చూస్తోంది. "దానికి నచ్చినట్టే ఉంది" అని సుందరాబాయి ఒప్పుకుని కొడవలి దించింది. మా మకాం ఆవిడ వరండాలోకి మారింది.

ఆ పూటే పడవ ఎక్కి సింధుదుర్గ్ కోటకు వెళ్లాం. చుట్టూ ఉప్పు సముద్రం, నడుమ కోట, కోటలో తియ్యటి నీళ్ల బావులు. గైడ్ చెబుతుంటే కుర్రాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. యమునాబాయి వినలేదు. గోడల మీద చేయి పెట్టి చూసింది. ఇన్నేళ్లుగా అలలు కొడుతున్నా నిలబడ్డ గోడలను చూస్తే ఆమెకు ఏమనిపించిందో నాకు అర్థమైంది, అందుకే ఏదో ఓదార్పు చెబుదామని పడవలో పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆమె నా చెవి దగ్గరకు వంగి గుసగుసలాడింది.

"అన్నా, నీ ప్యాంటు ఎనుక కుట్టు ఊడింది."

పడవ ఈ చివర నుంచి ఆ చివర దాకా తలలు మా వైపు తిరిగాయి. మరాఠీ కుటుంబం ఒకటి ఆమె ఏమందని వీరేష్‌ను అడిగింది. వీరేష్ అనువదించాడు. ఒడ్డు చేరేదాకా నేను సముద్రానికి వీపు చూపించకుండా కూర్చున్నాను, అంటే ఎంత కష్టమో పడవ ఎక్కినవాళ్లకు తెలుసు.

తిరిగొచ్చాక కుర్రాళ్లు నీళ్లలోకి దూకారు. ఆడపిల్లలు మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుక అంచున నిలబడ్డారు.

"దిగుర్రి" అంది యమునాబాయి.

"దిగితె తడుస్తం. తడిస్తె బట్టలు యాడ మార్చాలె అత్తా?" అంది ప్రాజక్త.

నిజమే. సుందరాబాయి ఇంటి స్నానాలగది ముందు క్యూ ఉంది, దారిలో జనం ఉన్నారు. ఒడ్డు మీద ఇంకో గుంపు ఆడవాళ్లు తమకు తోచిన ఉపాయం చేస్తున్నారు. ఇద్దరు ఒక చీర అడ్డం పట్టుకుంటే మూడో ఆవిడ దాని వెనక బట్టలు మార్చుకుంటోంది. సముద్రపు గాలికి చీర జెండాలా పైకి లేచింది. ఆ ఆవిడ కెవ్వుమని ఇసుకలో కూలబడింది. నేను వెంటనే అటు తిరిగి కొబ్బరిచెట్లు ఎన్ని ఉన్నాయో చూడటం మొదలుపెట్టాను. కాసేపటికి ఇటు తిరిగితే యమునాబాయి అక్కడ లేదు.

బావి దగ్గర ఉంది. మూడు గుడారాలనూ కుప్పపోసి, నీళ్లు తోడి, కాళ్లతో తొక్కి గంజి వదలగొడుతోంది. నేను ఆపబోయాను.

"అక్కా, గంజి పోతె ఇగ గుడారం యాడ నిలవడ్తది? శేట్‌కు ఏం చూపిస్తవ్?"

"ఎట్లాగు నిలవడలే గద" అంది, తొక్కుతూనే.

గంజి వదిలి ఎండలో ఆరాక ఆ గుడ్డ మళ్లీ టవల్ అయింది, మెత్తగా, బొచ్చు లేచి. ఆమె వరండాలో కూర్చుని చేతి మిషన్ తిప్పింది. కుర్రాళ్ల చేత నాలుగు సరుగుడు గుంజలు ఇసుకలో పాతించింది. పైకప్పు లేదు, మనిషి కన్నా ఎత్తైన గోడలు, కింద గాలికి లేవకుండా మడతలో ఇసుక పోసిన గొట్టం, తలుపుకు ఒకదాని మీద ఒకటి పడే రెండు తెరలు. తడిగుడ్డ ఆరేసుకోవడానికి లోపల ఒక తాడు. బట్టలు మార్చుకునే గది సిద్ధం.

ముందు ప్రాజక్త, స్నేహితురాళ్లు నీళ్లలోకి దిగారు. అలలు వచ్చినప్పుడల్లా వాళ్లు అరిచిన అరుపులకు కుర్రాళ్లే జంకి పక్కకు జరిగారు. తడిసి ముద్దై వచ్చాక ముందు ప్రాజక్త ఒక్కతే గదిలోకి వెళ్లింది; లోపల్నుంచి గొంతు వినిపించింది.

"అత్తా! టవల్ తేలె!"

యమునాబాయి మిగతా పిల్లలను చూసింది. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. వీరేష్ తన సంచి వెతికాడు. నేను నాది వెతికాను. సోలాపూర్ నుంచి, టవళ్లు నేసే పేట నుంచి, టెంపో నిండా వచ్చాం. ఒక్కరి దగ్గరా టవల్ లేదు. ఇంట్లో ఎటు చేయి చాపినా తగిలే వస్తువును సంచిలో పెట్టుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు. ఈ సంగతి బయటికి పొక్కకూడదని వీరేష్ అక్కడికక్కడే అందరి చేత ఒట్టు వేయించాడు. నేను వెయ్యలేదు.

కాసేపటికి ప్రాజక్త పొడి బట్టల్లో, పొడి జుట్టుతో బయటికొచ్చింది.

"టవల్ లేదంటివి?" అంది యమునాబాయి.

"గోడకు తుడుచుకున్న!" అని పిల్ల నవ్వింది. "అత్తా, గంత పెద్ద టవల్ నేను పుట్టి సూడలె."

యమునాబాయి లోపలికి వెళ్లి గోడను ముట్టుకుని చూసి వచ్చింది. తలుపు తెర కుట్టు ఇంకోసారి గట్టిచేసింది.

చీర పట్టుకున్న ఆ గుంపు ఆడవాళ్లు అప్పటిదాకా చూస్తూనే ఉన్నారు. మేం కూడా వెళ్లవచ్చా అని అడిగారు. వాళ్ల వెనక ఇంకో కుటుంబం. సాయంత్రానికి క్యూ సరుగుడు తోపు దాకా వచ్చింది. కొడుకులూ అల్లుళ్లూ తడుస్తుంటే ఒడ్డున కుర్చీల్లో కూర్చుని చెప్పులకు కాపలా కాసే పెద్దావిడలు కూడా ఆ రోజు మోకాళ్లు దాటి నీళ్లలోకి వెళ్లారు. సుందరాబాయి ఇదంతా నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, గదిని ఇక్కడే వదిలి వెళ్లమంది.

"మాల్ శేట్‌ది. అడిగి చెప్త" అంది యమునాబాయి. గది విప్పి, మడిచి, టెంపోలో వేసింది. తిరుగు దారిలో ఆమె మిషన్ ఒళ్లో పెట్టుకుని, మడిచిన గది మీద చెయ్యి వేసి కూర్చుంది. షరతు గుడారాల మీద. గుడారాలు నిలబడలేదు. పాండురంగ్ శేట్ షరతులు మరిచిపోయే మనిషి కాదు.

ఆవు సంగతి మా కన్నా ముందే సోలాపూర్ చేరింది. వీరేష్ దాన్ని స్టేటస్‌లో పెట్టాడు. శేట్ షెడ్డు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఏం యమునాబాయీ, నిలవడ్డయా?"

"నిలవడలే."

"ఆవు తిన్నదంట గద?"

"ఒకటే తిన్నది."

"మరి మాటంటె మాట. జనవరిల వచ్చి మిషన్ ముందట నిలవడు. గుడారం ముచ్చట ఎత్తొద్దు."

"ఎత్తను. గుడారం ముచ్చటే ఎత్తను" అని యమునాబాయి ఫోన్ తీసి, నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి శేట్ చేతికిచ్చింది. "గది ముచ్చట ఈమె చెప్తది, విను."

అవతల సుందరాబాయి. ఆవిడకు మగ్గాల చప్పుడు అలవాటు లేదు కాబట్టి పొడుగ్గా మాట్లాడింది. ఆ గది ఏదని ఒడ్డుకు వచ్చేవాళ్లు అప్పుడే అడుగుతున్నారనీ, తనకు కావాలనీ, పక్క ఊరి ఒడ్డున తన వదినకూ కావాలనీ, వేసవి సెలవులు రాకముందే పంపాలనీ, కుట్టు మాత్రం ఆమెదే ఉండాలనీ చెప్పింది. శేట్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "ఎవరీమె?" అని అడిగాడు.

"ఆవు వాళ్లదే."

శేట్ చాలాసేపు నవ్వకుండా ఉండటానికి ప్రయత్నించాడు. ఆఖరికి గెలిచింది నవ్వే. గోడౌన్ తాళం తీయించి, సెకండ్ మాల్ తాన్లు ఆయనే ముందు నడిచి చూపించాడు. "మిషన్ కాడ కట్టలెవరందియ్యాలె మరి?" అని గొణిగితే, "మిషన్ ఆటోమేటిక్ అంటివి గద" అంది యమునాబాయి.

వేసవి వచ్చేసరికి ఆమె ఇంటి ముందు గదిలో టవల్ కట్టల చోటును గుడ్డ గోడలు ఆక్రమించాయి. ప్రాజక్త కాలేజీ అయ్యాక వచ్చి గుంజల గొట్టాలు కుడుతుంది. ప్రతి గది తలుపు తెర మీదా ఒక లేబుల్ ఉంటుంది. నెమలీ లేదు, చిలుకా లేదు. 'యమునాబాయి, దాజీ పేట్, సోలాపూర్.' ఆ లేబుల్ నమూనా అచ్చు వేసింది నేనే. అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యమని ఆమె నన్ను ఆరుసార్లు వెనక్కి పంపింది. ఇప్పుడు దాన్ని పడవలో నుంచి కూడా చదవవచ్చు.

మే నెలలో శేట్ భార్య విజయ తన ఆడబిడ్డవాళ్లతో మాల్వణ్ వెళ్లి వచ్చింది. వచ్చిన మర్నాడే యమునాబాయి గుమ్మంలో నిలబడింది. అప్పుడు నేను లేబుళ్ల కట్ట ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాను.

"యమునాబాయీ, తలుపు మీద నీ పేరు సూసి, ఈమె మా గల్లీ ఆమెనే అని అందరికి చెప్పి మస్తు ఖుషీగ లోపటికి వోయిన. ఏం లాభం? గోడలన్ని తడి తడి! తుడుచుకుందామంటె గోడనే నన్ను ఇంకింత తడిపె. మా ఆడబిడ్డ ముందట ఉన్న ఇజ్జత్ వోయె. దీనికేమంటవ్ నువ్వు?"

యమునాబాయి మిషన్ ఆపలేదు.

"మీకన్న ముందుగాల పోయినామె పొడిగ బయటికొచ్చిందన్నట్టు, వదినా."